లేని మనిషి సాలు

అచ్చియ్యమ్మతో నా పరిచయం గొడవతోనే మొదలైంది. మా నాన్న పోయి చెరుకు సాగు నా నెత్తిన పడ్డ కొత్తలో సంగతి. మా పొలం చోడవరం నుంచి గోవాడ వెళ్ళే దారిలో, రోడ్డుకి కాస్త లోపలగా ఉంటుంది. శ్రావణంలో చెరుకు మనిషెత్తు దాటేసరికి జడ కట్టించాలి. అంటే ఎండుటాకుని తాడులా మెలేసి నాలుగైదు గడల్ని కలిపి కట్టడమన్నమాట. కట్టకపోతే మొదటి గాలివానకే తోటంతా పక్కేసుకుని పడుకుంటుంది. అచ్చియ్యమ్మ మేస్త్రిగా ఉన్న ఆడకూలీల ముఠాని పిలిచాను. పదమూడు మంది కూలి అని మాట్లాడుకుంది. మధ్యాహ్నం వెళ్ళి చూస్తే మనుషులు పన్నెండుగురే ఉన్నారు. గట్టువార సాళ్ళని ఎవరూ ముట్టుకోనేలేదు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. కొత్తవాణ్ణి కదా, బుట్టలో వేద్దామనుకుంటున్నావా అని అందరి ముందూ అడిగేశాను.

ఆవిడ అడ్డచుట్ట పీలుస్తోంది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పీల్చడం మా వైపు ఆడవాళ్ళకి అలవాటే. చుట్ట తీసి నింపాదిగా అంది: "సాయంత్రం దాకా ఆగి తిట్టు బాబూ. ఇప్పుడే తిట్టీసి అప్పుడు సిగ్గుపడకు."

మా వైపు ఈ పనికి కూలి గడియారం చూసి ఇవ్వం. మనిషికి ఇన్ని సాళ్ళని పొద్దున్నే పంచుకుంటారు, అవి అయితే ఆ మనిషి రోజుకూలి ఇచ్చినట్టే. సాయంత్రం పన్నెండుగురూ ఎవరి సాళ్ళు వాళ్ళు ముగించి, నీళ్ళు తాగి, గట్టువార మిగిలినవాటి మీద ఒక్కసారిగా పడ్డారు. ఎవరు ఎంత కట్టారో ఎవరూ చూడలేదు. పొద్దు గుంకే లోపల అదీ అయిపోయింది. పదమూడో కూలి అచ్చియ్యమ్మ కొంగున కట్టుకుంది. అది టైఫాయిడ్‌తో మంచాన పడ్డ ఓ మనిషిదట. ముఠాలో ఎవరు జబ్బుపడినా ఆ మనిషి వాటా సాళ్ళు గట్టువార వదిలిపెడతారు, చివర్లో అందరూ కలిసి లాగేస్తారు, కూలి మేస్త్రి స్వయంగా ఆ ఇంటికి తీసుకెళ్ళి ఇస్తుంది. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు లేని మనిషి సాలు. తీసుకున్నవాళ్ళు థాంక్సు చెప్పరు, ఇచ్చినవాళ్ళు మళ్ళీ ఆ మాట ఎత్తరు.

సిగ్గుపడ్డానా అంటే, పడ్డాను. అయినా బయటికి మాత్రం, ముందే చెప్పొచ్చుగా అని కసిరాను. నా బుద్ధి అంతే.

తర్వాత తెలిసింది, ఆ సాలుకి బోలెడు కట్టుబాట్లున్నాయని. పురుడు, జ్వరం, విరిగిన కాలు, కోత పడ్డ కడుపు, వీటికే సాలు. మొగుడు తాగి పడిపోతే లేదు, కూతురి ఓణీల ఫంక్షన్‌కి లేదు. సాలు తీసుకుంటున్న మనిషి చోడవరం సినిమాహాలు దగ్గర కనిపించిందంటే అయిపోయినట్టే దాని పని. అన్నిటికన్నా గట్టి కట్టుబాటు ఇంకోటుంది: ముఠాకి ఒక్కటే సాలు. రెండో మనిషి పడితే మొదటి మనిషి లేచేదాకా ఆగాల్సిందే. ఇది అచ్చియ్యమ్మ అత్తగారు పెట్టినది. ముందు మేస్త్రి ఆవిడే. "బండికి ఒక సక్రం ఊడితే ఎలాగోలా ఈడుస్తాం, రెండూ ఊడితే బండినే మొయ్యాల" అనేదట.

అచ్చియ్యమ్మది రోలుగుంట దగ్గర పల్లె. పెళ్ళై ఇక్కడికొచ్చింది. అత్తగారి వెనకే చెరుకులో దిగింది, అత్తగారు పోయాక మేస్త్రి అయింది. భర్త బతికినన్నాళ్ళూ ఆయన బతికున్నట్టు ఎవరికీ తెలియదు, పోయినప్పుడు తెలిసింది. ఒక్క కూతురు, దుర్గాదేవి, తల్లి పుట్టినూరికే కోడలై వెళ్ళింది. అచ్చియ్యమ్మ ఇప్పుడు ఒంటరి మనిషి. చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా, నెత్తికి తువ్వాలు. చెరుకులో దిగే ఆడవాళ్ళందరి వేషమూ అదే, ఎందుకంటే చెరుకాకు అంచు బ్లేడులాంటిది. ఎంత కప్పుకున్నా సాయంత్రానికి మణికట్టు మీదా మెడ మీదా సన్నటి గీతలు, వాటిలో చెమట దిగితే మంట. అదొక జబ్బని ఎవరూ అనుకోరు.

నాకూ ఒక ఆరోగ్య బీమా ఉంది. ఏటా ఏజెంటు ఇంటికొచ్చి, కాఫీ తాగి, ప్రీమియం పట్టుకెళ్తాడు. మోకాలు ఆపరేషన్‌కి వెళ్తే అది పాత జబ్బు, వర్తించదన్నారు. నా మోకాలు నాతోపాటే పుట్టింది కాబట్టి పాతదే మరి, కాదని ఎలా అంటాను? ఆ సంగతి చెప్పి ఏడిస్తే అచ్చియ్యమ్మ పకపకా నవ్వింది. "మీ ముఠాలో ఎవరికి ఎవరూ తెల్దు గాబోలు బాబూ, అందుకే అలగ" అంది. నాకు ఒళ్ళు మండింది.

ఇక రేవతి సంగతి. ముఠాలో చురుకైన మనిషి, ముప్ఫై దాటి ఉంటాయేమో. భర్త శివాజీకి చెరుకు ఆడే క్రషింగు సీజనులో పంచదార ఫేక్టరీలో పని, మిగతా రోజుల్లో దొరికింది చేస్తాడు. తాగడు, కానీ సంపాదనా అంతంతే. రేవతికి నాలుగు అడుగులు వేస్తే ఆయాసం మొదలైంది. విశాఖ తీసుకెళ్తే గుండెలో కవాటం పాడైందన్నారు. చిన్నప్పుడెప్పుడో వచ్చిన కీళ్ళ జ్వరం గుండె మీద పడిందట. కొత్తది, లోహంది, వేశారు. ఉన్నమాట చెప్పుకోవాలి, ఆపరేషన్ ఖర్చంతా ఆరోగ్యశ్రీ కార్డే పెట్టుకుంది. అంత పెద్ద కోత కోసి ఒక్క రూపాయి అడగలేదు. అడిగితే వాళ్ళ ఇల్లూ వాకిలీ అమ్మినా సరిపోదు.

అయితే కార్డు ఆసుపత్రి గుమ్మం వరకే తోడొస్తుంది. రోజూ వేసుకోవాల్సిన మాత్రలు, రక్తం ఎంత పల్చగా ఉందో చూసే నెలనెలా పరీక్ష, దానికోసం విశాఖ బస్సులు, పక్క మనిషికి అక్కడ తిండి, ఇవి ఎప్పటికప్పుడు చేతిలోంచి కదలాల్సిందే. కొన్నాళ్ళు ఆసుపత్రివాళ్ళే మందులిచ్చారు, ఆ తర్వాత మనదే. ఆ మాత్రలు మానితే కొత్త కవాటం మీద రక్తం గడ్డకడుతుంది, అప్పుడిక మనిషి దక్కదు. శివాజీ తెచ్చేది తిండికి సరిపోయేది. మాత్రలకీ పరీక్షకీ బస్సుకీ వచ్చేది సాలు డబ్బే.

ముఠా సంతోషంగానే లాగింది. ఆపరేషన్ అయింది కదా, పుండు మానాక వచ్చేస్తుందనే అందరి లెక్క. వాళ్ళకి తెలిసిన జబ్బులన్నీ అలాంటివే. జ్వరం తగ్గుతుంది, ఎముక అతుక్కుంటుంది, కుట్లు మానతాయి, మనిషి చొక్కా తొడుక్కుని చెరుకులో దిగుతుంది. బాగుచేశాక కూడా చెరుకులోకి రాకూడని జబ్బు ఒకటుంటుందని వాళ్ళకి తోచలేదు. డాక్టర్లు చెప్పలేదా అంటే రేవతికి చెప్పారు. రేవతి ముఠాకి చెప్పలేదు.

ఏడాది దాటింది. మళ్ళీ కలుపులొచ్చాయి, మళ్ళీ జడలొచ్చాయి. రేవతి కాస్త ఒళ్ళు చేసింది కూడా. ముఠాలో రోజా అని ఓ పిల్ల ఉంది, నోరు జాస్తి. పదో తరగతి పాసై, పెళ్ళై, చెరుకులో దిగిన మనిషి. అదే మొదట అంది. "రేవతక్క నాకన్నా బాగున్నాది. ఇంకెన్నాళ్ళు మనం లాగడం?" అచ్చియ్యమ్మ కసిరింది. పైకి కసిరినా ఆ మాట ఆవిడకీ పట్టుకుంది. అందుకు వేరే కారణం ఉంది.

ఆవిడకి గర్భసంచి జారింది. ఎప్పట్నించో కొంచెం కొంచెంగా ఉన్నదే, ఆ ఏడు బాగా జారిపోయింది. పాతచీర ముక్క మడిచి బిగించి కట్టుకుని పనికొచ్చేది. నిలబడితే బరువు, వంగితే నొప్పి, ఒంటికి వెళ్ళాలంటే నరకం. ఈ సంగతులన్నీ తర్వాత ఆవిడే మా మోటారు షెడ్డు దగ్గర కూర్చుని నాకు చెప్పింది. ఆడవాళ్ళ జబ్బు మగవాడికి చెప్పడమేమిటన్న మొహమాటం ఆవిడకి లేదు, నాకే ఉంది. నేలచూపులు చూస్తూ విన్నాను.

ఆపరేషన్ ఉచితమేనని ఆవిడకి తెలుసు. కానీ ఆ తర్వాత మూడు నెలలు బరువెత్తకూడదు, వంగకూడదు. కూతురింటికి వెళ్ళొచ్చుగా అన్నాను. "అల్లుడి ఇంట్లో మూడు నెల్లు మంచమ్మీద కూకుని తినమంటావా? బాగుంది నీ సలహా" అంది. మిగిలింది సాలు. సాలు రేవతి దగ్గరుంది. అత్తగారి కట్టుబాటు ప్రకారం రేవతి లేస్తే గాని అచ్చియ్యమ్మ పడుకోవడానికి లేదు.

అందుకని ఒకరోజు కూలి ఇవ్వడానికి వెళ్ళి రేవతితో అనేసింది: "సోమారం నుంచి పనికి వచ్చీయే. జడలు నెమ్మదిగా కడుదువు గానీ." తన జబ్బు సంగతి చెప్పలేదు. "అలాగేలే అత్తా" అందట రేవతి.

ఆ శనివారం చోడవరంలో ఉచిత వైద్యశిబిరం పెట్టారు. సోమవారం రేవతి వచ్చేస్తుంది కదా, ఇక తన ఆపరేషన్‌కి రోజు అడగొచ్చని అచ్చియ్యమ్మ వెళ్ళింది. లేడీ డాక్టరు పరీక్ష చేసి, ముందు చుట్ట మానమని తిట్టి, ఇన్నాళ్ళు ఎందుకు ఆగావమ్మా అని ఇంకా తిట్టింది. అచ్చియ్యమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. మా ముఠాలో ఒక గుంటకి, ఆడపిల్లకి, గుండె ఆపరేషనయ్యింది, అది సోమవారం చెరుకులో దిగుతోంది, దిగాక నేనొస్తాను అంది.

"గుండెకి ఏం ఆపరేషన్?"

అచ్చియ్యమ్మకి తెలిసినంత చెప్పింది. ఇనప ముక్కేదో వేశారనీ, రక్తం పల్చబడే మాత్రలు మింగుతోందనీ.

డాక్టరు రాస్తున్న కలం ఆపేసింది. "చెరుకులోకా? ఆ ఆకు కోసుకుంటే మీకు గీతతో పోతుంది. ఆ అమ్మాయికి రక్తం ఆగదు. కింద పడి తలకి దెబ్బ తగిలిందంటే ఇంక చెప్పక్కర్లేదు. ఎవరు రమ్మన్నారామెని?"

"నేనే."

"వద్దని చెప్పండి. ఇంట్లో కూర్చుని చేసే పని ఏదైనా చూసుకోమనండి."

"మాత్తర్లు ఎప్పుడు మానొచ్చమ్మా?"

"మానకూడదు. ఎప్పటికీ."

అచ్చియ్యమ్మ ఆటో ఎక్కి ఇంటికి కాదు, తిన్నగా రేవతి ఇంటికి వెళ్ళింది. రేవతి గుమ్మంలో కూర్చుని శివాజీ పాత చొక్కాకి చేతులు పొడుగు చేసి కుడుతోంది. పక్కన రెండు జతల మేజోళ్ళున్నాయి, చేతులకి తొడుక్కోవడానికి, వేళ్ళ దగ్గర కత్తిరించి. సోమవారానికి తయారవుతోంది.

"ఒసే, నీకు తెల్సా తెల్దా?" అంది అచ్చియ్యమ్మ, ఇంకేమీ చెప్పకుండా.

రేవతికి అర్థమైంది. సూది చొక్కాకి గుచ్చి పక్కన పెట్టింది. "తెల్సు అత్తా."

"తెల్సీ చెరుకులోకి వచ్చీస్తావా?"

"సెప్తే ఇదింక పనికి రాదని సాలు ఆపీస్తారు కదా. సాలు పోతే మాత్తర పోతాది. మాత్తర పోతే ఎలాగూ పోతాను. చెరుకులో అయితే ఒకేళ కోసుకోకపోవచ్చు." ఏడవలేదట. కూర ఏం వండావంటే చెప్పినట్టు చెప్పిందట.

అచ్చియ్యమ్మ చతికిలబడింది. తన జబ్బు సంగతి అప్పుడు చెప్పింది. ఎందుకు రమ్మన్నదీ చెప్పింది. ఆ తర్వాత చెప్పిన మాట, నాతో చెప్పేటప్పుడు కూడా ఆవిడ పొలం వైపు చూసి చెప్పింది. "ఆటోలో వస్తన్నప్పుడు ఒకమాటు అనిపించినాదే. ఈ గుంట లేకపోతే నా సాలు నాకు దొరుకును కదా అని. నోరు పడిపోను, అనిపించినాది. నీకు సెప్పకపోతే నాకు అన్నం దిగదు."

రేవతి నవ్వింది. "నువ్వే నయం అత్తా. నేనైతే నూకాలమ్మ తల్లికి మొక్కీసుకున్నాను. అచ్చియ్యత్తకి ఏ రోగమూ రానివ్వకే తల్లీ, పడుకోనివ్వకే అని. నీ మీద ప్రేమనుకుంటన్నావేటి? నా సాలు పోద్దని."

ఇద్దరూ నవ్వుకున్నారు, తర్వాత ఇద్దరూ ఏడ్చారు. ఏడుపయ్యాక అచ్చియ్యమ్మ ఆ చొక్కా లాక్కుని, కుట్టింది విప్పేసి, ఇంట్లోకి విసిరేసింది.

సోమవారం పని మా పొలంలోనే. మధ్యాహ్నం కేరేజీలు విప్పుకున్నాక అచ్చియ్యమ్మ అందర్నీ మోటారు షెడ్డు నీడలోకి పిలిచింది. రేవతి కూడా వచ్చింది, గట్టు దాటకుండా బయటే కూర్చుంది. నేను మోటారు చూసుకుంటున్నట్టు నటిస్తూ అక్కడే ఉన్నాను.

ఆవిడ దాచలేదు. రేవతి మళ్ళీ చెరుకులోకి రాదు, ఈ ఏడూ రాదు, పై ఏడూ రాదు అంది. దాని సాలుకి గడువు లేదంది. తనకి గర్భసంచి జారిందనీ, తనకీ సాలు కావాలనీ, మూడు నెలలకనీ చెప్పింది. "మాయత్త ఒక్కటే సాలంది. నాను రెండడుగుతన్నాను. ఉన్నోళ్ళు ఉండండి. పోయినోళ్ళని నాను తిట్టను, ఎనక అననూ అనను."

మొదట మాట్లాడింది కనకమహాలక్ష్మి, అచ్చియ్యమ్మతో కలిసి ఒకే ఏడు చెరుకులో దిగిన మనిషి. ఇద్దరూ ఒక చుట్ట చెరి సగం తుంచుకునే రకం.

"అచ్చియ్యా, నా ఒళ్ళు బాగున్నాది. నాకు పురుళ్ళైనా లేవు, గొడ్డుదాన్ని. ఇన్నేళ్ళూ ఎవరెవరి సాళ్ళో లాగేను. నా సాలు ఎవరన్నా లాగేరా? ఒక్క పూట?"

"లాగలేదు" అంది అచ్చియ్యమ్మ. "నీ అదృష్టం బాగుండి లాగలేదే."

"ఆ అదృష్టం నాకు కూడెట్టదు కదా. ఒకటైతే లాగుదును. గడువు లేనిదొకటీ, పైన ఇంకోటీ, నా వల్ల కాదు. వయసైపోతన్నాది నాకు."

ఆ మాటలో తప్పేముందని నాకూ అనిపించింది. జబ్బు చేయని మనిషికి బీమా ఎప్పుడూ దండగ్గానే కనిపిస్తుంది. ఏజెంటు వెళ్ళాక ఏటా నేను అనుకునేదీ అదే. కనకమహాలక్ష్మి కేరేజీ కట్టుకుని లేచింది. ఆవిడతోపాటు ఇంకో ముగ్గురు లేచారు. చోడవరం వైపు ఇంకో ముఠా ఉంది, అక్కడ ఇలాంటి సాలు లేదు, ఎవరి చెమట వాళ్ళదే. అచ్చియ్యమ్మ మాట ఇచ్చినట్టే తిట్టలేదు. కనకమహాలక్ష్మి మరిచిపోయిన నీళ్ళ సీసా అందుకుని ఆవిడ చేతిలో పెట్టింది.

అందరూ రోజా వైపు చూశారు. వెళ్తే ముందు అదే వెళ్తుందనుకున్నాం. అది పచ్చడి నంజుకుంటూ కూర్చుంది.

"నువ్వెళ్ళవేటే?" అంది అచ్చియ్యమ్మ.

"ఎందుకెళ్తాను? నాకేదో మీ మీద జాలనుకోకండి. నాకు ఇప్పుడు మూడో నెల. రేపు పురిటికి పడుకుంటే ఆ ముఠావోళ్ళు నా సాలు లాగుతారేటి?"

"మరి మాకుందనుకున్నావేటే జాలి!" అంది అచ్చియ్యమ్మ. షెడ్డులో మిగిలినవాళ్ళంతా పగలబడి నవ్వారు. గట్టు అవతల రేవతి కూడా నవ్వింది. ఎందుకో గానీ నాకు కళ్ళు చెమర్చాయి. మోటారు వైపు తిరిగాను.

అచ్చియ్యమ్మ ఆపరేషన్‌కి విశాఖ వెళ్ళింది. కూతురు దుర్గాదేవి వచ్చి పక్కనుంది. ఇంటికి తెచ్చాక రెండు పూటలా కేరేజీ రేవతే పట్టుకెళ్ళేది. ఒకరోజు చూడ్డానికి వెళ్ళాను. మంచం మీద పడుకుని చుట్ట కోసం దిండు కింద తడుముతోంది. నన్ను చూసి చెయ్యి తీసేసింది. ముఠా ఎలా ఉందని అడిగింది. బాగానే ఉందన్నాను. నమ్మలేదు. "ఏడుగురు తొమ్మిది మంది పని సెయ్యాల. బాగానే ఉంటాదేటి?" అంది. గోడ వైపు తిరిగి పడుకుంది.

బాగాలేని మాట నిజమే. రెండో విడత జడలు మా పొలంలో పడ్డాయి. రోజాయే మేస్త్రి పని చూస్తోంది. ఆ రోజు మధ్యాహ్నం వాన పట్టుకుంది, పని ఆగింది. వెలిశాక మళ్ళీ దిగారు. తడిసిన ఆకు మెలిపడదు, జారిపోతుంది. ఎవరి సాళ్ళు వాళ్ళు ముగించేసరికే పొద్దు వాలిపోయింది. ఏడుగురూ గట్టు మీదికొచ్చి నిలబడ్డారు. గట్టువార రేవతి సాలు, దాని పక్కన అచ్చియ్యమ్మ సాలు, రెండూ అలాగే ఉన్నాయి. ఎవరూ దిగలేదు. ఒకామె చొక్కా చేతులు విప్పుకోవడం కూడా మొదలుపెట్టింది. ఆ నిమిషంలో వాళ్ళు వెళ్ళిపోయి ఉంటే ఎవరూ తప్పుపట్టలేరు. ఒక్కరోజు మానినది రెండో రోజు మానడం తేలిక, మూడో రోజుకి అలాంటిదొకటుండేదన్న మాటే మిగులుతుంది.

నాకు ఉండబట్టలేదు. "చీకటి పడుతోందమ్మా, వెళ్ళిపోండి. ఆ రెండు సాళ్ళూ రేపు ఎవరిచేతనైనా కట్టించుకుంటాను. తొమ్మిది మంది కూలీ ఇచ్చేస్తాను" అన్నాను. చాలా మంచిమాట అన్నాననుకున్నాను.

రోజా నా వైపు తిరిగింది. నడుం మీద చెయ్యి వేసుకుంది, కడుపు అప్పుడప్పుడే కనిపిస్తోంది.

"సెయ్యని సాలుకి కూలెందుకు బాబూ?"

"ఫరవాలేదమ్మా, నేనిస్తున్నాగా."

"ఇయ్యాల నీ మనసు బాగుంది, ఇస్తన్నావు. రేపు చెరుకు డబ్బులు నీకు లేటవుతాయి, నీ మనసు బాగోదు. ఆ రోజు రేవతక్కని మాత్తర మానీమంటావా?"

నేను గట్టు చివరికంటా వచ్చి నిలబడ్డాను.

"అడ్డం నిలబడ్డావు, ఉన్న ఎలుతురు కూడా పోతన్నాది. పక్కకి జరుగు బాబూ" అని చెరుకులో దిగింది. చొక్కా విప్పుతున్నామె మళ్ళీ తొడుక్కుంది. తక్కిన వాళ్ళూ ఒక్కొక్కరే దిగారు.

నేను పక్కకి జరిగాను.